నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటు కొలవకుండా పెడుతున్న కెమెరాల గురించి పోలీసు శాఖలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల పోలీసు ఉన్నతాధికారులకు,

2013 నాటి ప్రజాభద్రతా చట్టం కింద జనం గుమిగూడే సంస్థల్లో తమరు పెట్టిస్తున్న ఐపీ కెమెరాలు ‘పీఓఈ’ పద్ధతిలో, అనగా సమాచారాన్నీ విద్యుత్తునూ మోసే ఒకే నెట్‌వర్క్ కేబుల్‌తో, పనిచేయగలవు గాని, తెరమీద బొమ్మ కనబడగానే పని ముగిసిందనుకుంటే కేబుల్ కొసకు ఎంత విద్యుత్తు చేరుతున్నదో తెలియదు.

2003 నాటి పీఓఈ ప్రమాణం ప్రకారం స్విచ్ పోర్టు 15.4 వాట్లు ఇస్తే, 100 మీటర్ల తీగలో కొంత వేడిగా పోగా పరికరానికి దక్కే హామీ 12.95 వాట్లే; రాగికి బదులు రాగిపూత అల్యూమినియం తీగ వాడితే (చవక కేబుళ్ల కథ ఇదే) నిరోధం పెరిగి నష్టం ఇంకా ఎక్కువవుతుంది. అటువంటి చోట పగలంతా బాగున్న కెమెరా, చీకటిపడి పరారుణ దీపాలు వెలిగాక విద్యుత్తు చాలక పదేపదే ఆగి మొదలవుతూ, దొంగతనాలు జరిగే వేళకే రికార్డింగులో ఖాళీలు మిగులుస్తుంది.

ప్రమాణాన్ని పాటించే స్విచ్ అవతల తగిన పరికరం ఉన్నదని గుర్తించాకే పూర్తి వోల్టేజీ ఇస్తుంది గనుక, ఖాళీ కేబుల్‌కు మల్టీమీటర్ ఆనించి చూడడం పరీక్ష కాదు. కావున కెమెరా వైపు కొసన, రాత్రి దీపాలకు సరిపడే భారంతో, పీఓఈ టెస్టర్ చూపిన వోల్టేజీనీ వాట్లనూ నమోదు చేసిన పత్రం లేనిదే ఏ కెమెరానూ ఆమోదించరాదని తమరు ఉత్తర్వు జారీచేయవలసిందిగా కోరడమైనది.

ఇట్లు,
ఒక పౌరుడు