రెండున్నర గంటలే కదా అనుకున్నా!

మొన్న జనవరిలో అమ్మ మొదటిసారి విమానం ఎక్కింది. అక్క డెలివరీకి దుబాయ్ వెళ్లాలి. టికెట్ తీసింది నేనే. శంషాబాద్‌లో ఉదయం 10:00కి బయల్దేరి, దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కి దిగుతుంది. "రెండున్నర గంటలేనమ్మా, దిగాక తిందువులే" అన్నా. ఆ ధీమాతోనే విమానంలో భోజనం కూడా బుక్ చేయలేదు.

అమ్మకు షుగర్. పొద్దున 6 గంటలకు ఇన్సులిన్ వేసుకుని, రెండు ఇడ్లీలు తిని బయల్దేరింది. విమానంలో ఉండగా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. పక్క సీటావిడ చూసి జ్యూస్ తాగించింది కాబట్టి సరిపోయింది. సాయంత్రం ఫోన్లో అమ్మ తిట్టలేదు. "రెండున్నర గంటలన్నావు, ఎంతసేపటికీ దిగదేంట్రా?" అని మాత్రం అడిగింది.

నిజానికి అది 4 గంటల ప్రయాణం. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ 12:30 అంటే ఇక్కడ మధ్యాహ్నం 2:00. అంటే అమ్మ తిని ఎనిమిది గంటలు! ఆఫీసులో రోజూ సర్వర్ టైమ్‌ని ఇండియా టైమ్‌లోకి మార్చుకునేవాణ్ని, ఇంట్లో మాత్రం మర్చిపోయా.

తిరుగు టికెట్ చూస్తే ఇంకో తిరకాసు. రాత్రి 10:00కి బయల్దేరి, తెల్లవారుజామున 3:00కి దిగడం. చూడటానికి 5 గంటలు. గంటన్నర తీసేస్తే మూడున్నర. దారి అదే, మరి అరగంట ఎలా తగ్గింది?

లెక్క వేశా. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని హావర్‌సైన్ సూత్రంలో పెడితే దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున 3 గంటలు. కానీ చలికాలంలో ఆ ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గాలి గట్టిగా వీస్తుంది. అదే జెట్ స్ట్రీమ్. గాలి వేగం 60 అనుకుందాం. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వేగం 790కి పడిపోయి 3 గంటల 14 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, 910తో 2 గంటల 48 నిమిషాలు. తేడా 26 నిమిషాలు. మిగతా ముప్పావుగంట రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కడానికి, కిందికి దిగడానికి, వంకర దారులకు.

ఇంట్లో పెద్దవాళ్లకు టికెట్ తీస్తున్నారా? బయల్దేరే టైమ్, దిగే టైమ్ తీసివేసి చెప్పకండి. కింద చిన్న అక్షరాల్లో ప్రయాణ సమయం ఉంటుంది, అది చూడండి. దానికి ఎయిర్‌పోర్టులో ముందు కూర్చునే మూడు గంటలు, దిగాక ఇమిగ్రేషన్ క్యూ కలపండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లయితే ఈ మొత్తం గంటలు డాక్టర్‌కి చెప్పి, డోసు ఎప్పుడు, తిండి ఎప్పుడు అని అడగండి. హ్యాండ్‌బ్యాగ్‌లో బిస్కెట్ ప్యాకెట్ తప్పనిసరి.

అమ్మ వచ్చేటప్పుడు భోజనం బుక్ చేశా. దిగగానే మొదటి మాట: "ఉప్పు లేదురా, అయినా తిన్నా."