పోయినసారి తగ్గింది కదా!

"జలుబుకీ జ్వరానికీ కూడా డాక్టర్ ఎందుకన్నా? పోయినసారి ఏం వాడానో గుర్తుంది, షాపులో అడిగి తెచ్చుకుంటే సరి." నెల్లూరు తీరాన కావలి నుంచి కృష్ణపట్నం దాకా ఏ కుర్రాణ్ణి కదిలించినా ఈ మాటే వస్తుంది. ఇంజినీరింగ్ చదివేవాడూ ఇదే అంటాడు, పోర్టులో డ్యూటీ చేసేవాడూ ఇదే అంటాడు, రొయ్యల గుంట కాడ రాత్రి కాపలా ఉండేవాడూ ఇదే అంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళు దీన్ని తెలివితేటల కింద జమకడుతున్నారు. "మావాడు ఫోన్‌లో చూసుకుని వాడి మందులు వాడే తెచ్చుకుంటాడు" అని గొప్పగా చెప్పుకునే తల్లులున్నారు. ఇది తెలివి కాదు, పొదుపు అంతకన్నా కాదు.

ముందు ఆ "తగ్గింది" సంగతి చూద్దాం. జలుబులు, గొంతునొప్పులు, ఒళ్ళునొప్పులతో వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. వైరస్‌ను అదేమీ చేయలేదు. మామూలు జలుబు మూడో రోజుకు ముదిరి, వారం తిరిగేసరికి దానంతటదే సర్దుకుంటుంది. మనవాడు రెండు రోజులు ఓర్చుకుని, సరిగ్గా ముదిరిన రోజున బిళ్ళ వేసుకుంటాడు. అయిదో రోజుకు ఒళ్ళు తేలికపడుతుంది. పేరు బిళ్ళకు పోతుంది. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లారుతుందనుకున్న ముసలమ్మకూ ఇతనికీ తేడా ఏముంది? ముసలమ్మ కోడి వల్ల ఊరికి నష్టం లేదు, అంతే.

ఇంకొందరు బుద్ధిమంతులున్నారు. "నేను మధ్యలో ఆపను, కోర్సు మొత్తం వాడతాను" అంటారు. అక్కర్లేని మందును అయిదు రోజులూ తప్పకుండా మింగడం ఏం క్రమశిక్షణో నాకు అర్థం కాదు.

మందుల షాపు బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. "అన్నా, సెఫిక్సిమ్ ఓ నాలుగు ఇవ్వు." పది బిళ్ళల స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి నాలుగు ఇస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. వెనకనున్న ఎర్రగీత సగానికి తెగుతుంది. చిన్న కాగితం కవరు మీద పెన్నుతో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాసిస్తాడు. బిల్లు ఊసే ఉండదు. ఆ ఎర్రగీత ఉన్న మందును డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దని 2016లో కేంద్ర ప్రభుత్వం పనిగట్టుకుని ప్రచారం చేసింది. సెఫిక్సిమ్‌కైతే ఇంకా గట్టి కట్టుబాటు ఉంది. అది షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం చీటీ రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు, ఎన్ని ఇచ్చారన్నదీ విడిగా ఒక రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్ళు దాచిపెట్టాలి. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చేచోట ఆ రిజిస్టర్‌లో ఎవరి పేరు రాస్తారు?

2019లో దేశంలోని ప్రైవేటు మార్కెట్లో ఏ యాంటీబయాటిక్ ఎంత అమ్ముడైందో లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ వాడింది అజిత్రోమైసిన్ 500. దాని వెనకే సెఫిక్సిమ్ 200. మన కుర్రాళ్ళు షాపులో పేరు పెట్టి అడిగేవీ ఈ రెండే. కోవిడ్ రోజుల్లో రాష్ట్రాలు ఇంటింటికీ ఇచ్చిన కిట్లలో అజిత్రోమైసిన్ ఉండటంతో దానికి సర్కారీ ముద్ర కూడా పడింది. కోవిడ్‌కు దాని వల్ల ప్రయోజనం లేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చేసింది. కిట్లు పోయాయి, అలవాటు మిగిలింది.

ఈ రెండు మందులూ వృథా అయితే ఏం పోతుందో తెలియాలంటే టైఫాయిడ్ కథ వినాలి. ఒకప్పుడు టైఫాయిడ్ అంటే క్లోరాంఫెనికాల్ ఇచ్చేవారు, తగ్గేది. 1972లో కేరళలోని కోళికోడ్‌లో టైఫాయిడ్ ప్రబలినప్పుడు ఆ మందు పనిచేయలేదు. యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ ఉన్నాయిలే అనుకున్నారు. 1990 ప్రాంతానికి మూడింటికీ లొంగని టైఫాయిడ్ దేశమంతా కనిపించింది. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చి ఒడ్డున పడేసింది. దాన్నీ విరేచనాలకీ, మూత్రంలో మంటకీ, దేనికి పడితే దానికి వాడేసి మొద్దుబార్చాం. ఇప్పుడు ఇంటి దగ్గరుండి బిళ్ళలతో టైఫాయిడ్ తగ్గించుకోవాలంటే డాక్టర్ చేతిలో ప్రధానంగా మిగిలినవి అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్. అవి కూడా పోతే? 2016లో పాకిస్థాన్‌లోని హైదరాబాద్‌లో (మనది కాదు, సింధ్‌లోది) అదే మొదలైంది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కూ లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. నోటితో మింగేవాటిలో అక్కడి డాక్టర్లకు నమ్మకంగా మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. మనం జలుబుకు మింగుతున్నది దాన్నే.

టైఫాయిడ్ అనగానే మనవాళ్ళకు విడాల్ పరీక్ష గుర్తొస్తుంది. వీధి చివర ల్యాబులో రక్తం ఇస్తే సాయంత్రానికి "పాజిటివ్" అని కాగితం చేతిలో పెడతారు. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కూ, టీకాకూ కూడా ఆ పరీక్ష పాజిటివ్ చూపించగలదు. నిజం తేల్చేది బ్లడ్ కల్చర్. రక్తంలోని క్రిమిని పెంచి, ఏ మందుకు చస్తుందో చూసి చెప్పే పరీక్ష అది. కానీ అప్పటికే రెండు బిళ్ళలు మింగి వచ్చినవాడి రక్తంలో క్రిమి దొరకడం కష్టం. సొంత వైద్యం చేసుకున్నవాడు తన జబ్బేమిటో తెలుసుకునే దారిని తనే మూసేసుకుంటాడు. జ్వరాల్లో స్క్రబ్ టైఫస్ అనేది మరీ మోసకారి. పొదల్లో, పొలం గట్ల మీద ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట కొందరికి నల్లటి పుండు కడుతుంది. డాక్సీసైక్లిన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. సెఫిక్సిమ్ దాని మీద పనిచేయదు. ఆ సెఫిక్సిమ్ మింగుతూ అయిదు రోజులు గడిపితే ఈలోగా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

"నా ఒళ్ళు నా ఇష్టం" అనేవాళ్ళకు ఒక్క మాట. తక్కిన మందుల విషయంలో ఆ వాదం కొంత నిలుస్తుందేమో గానీ యాంటీబయాటిక్ దగ్గర నిలవదు. మింగిన ప్రతిసారీ అది పేగుల్లోని బ్యాక్టీరియాలో లొంగేవాటిని చంపి, మొండివాటికి చోటిస్తుంది. ఆ మొండి క్రిములు ఒంట్లోనే ఉండిపోవు. చేతుల మీదుగా, నీళ్ళ ద్వారా ఇంట్లో అందరికీ పాకుతాయి. వాటి మొండితనాన్ని మోసే జన్యువులు ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేరతాయి. మనవడు జలుబుకు వాడితే నాయనమ్మ మూత్రపు ఇన్ఫెక్షన్‌కు మందు పనిచేయకపోవచ్చు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా ప్రపంచవ్యాప్తంగా నేరుగా పొట్టనబెట్టుకున్నవాళ్ళు 12.7 లక్షల మంది అని అంచనా. వాళ్ళలో ఎందరు జీవితంలో ఒక్క బిళ్ళ కూడా సొంతంగా కొనుక్కోలేదో!

మన తీరానికే చెందిన ఎదురువాదం ఒకటుంది. "రొయ్యల గుంటల్లో బస్తాలకు బస్తాలు మందులు చల్లుతుంటే నా నాలుగు బిళ్ళలతోనే కొంప మునిగిందా?" అని. గుంటల్లో తప్పులు జరగలేదని నేననను. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఈ తీరమంతా కుదేలైంది. అదీ వైరస్సే, దానికీ యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా రొయ్యకు యాంటీబయాటిక్ పెట్టే అలవాటు మాత్రం పోలేదు. కానీ రొయ్యకు కాపలాదారులున్నారు. కోళికోడ్‌లో ఓడిపోయిన ఆ క్లోరాంఫెనికాలే రొయ్యల సాగులో నిషిద్ధం. యూరప్ వాళ్ళు చాలా ఏళ్ళు కిలో రొయ్యలో 0.3 మైక్రోగ్రాముల దగ్గర గీత గీశారు. లెక్క వేస్తే 500 మిల్లీగ్రాముల ఒక్క క్యాప్సూల్‌లో ఉన్న మందు 1,666 టన్నుల రొయ్యల్ని ఆ గీత దాకా తీసుకుపోతుంది. (మనిషి ఎముక మజ్జ దెబ్బతింటుందన్న భయం ఆ నిషేధానికి మూలం, అది వేరే కథ.) 2016లో యూరప్ మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. కంటైనర్ వెనక్కొస్తే ఎంత నష్టమో విడవలూరు రైతుకూ తెలుసు, ఇందుకూరుపేట రైతుకూ తెలుసు. యూరప్‌కు పంపే సరుకుకు పట్టుబడికి ముందే పరీక్ష చేయించుకుంటాడు. ఆ రొయ్యకున్న పాటి పరీక్ష దాన్ని పెంచే కుర్రాడికి లేదు. గుంటను చూపించి తప్పించుకోవడం కాదు, గుంటకు వర్తించే కట్టుబాటు మందుల షాపుకూ కావాలని అడగాలి.

"డాక్టరూ అదే రాస్తాడు కదా" అన్నది ఇంకాస్త బలమైన మాట. నిజమే, రాస్తున్నారు. పైన చెప్పిన అమ్మకాలు చీటీలు లేకుండా మాత్రమే జరిగినవి కావు. చూడకుండా రాసే డాక్టర్‌ను నిలదీయండి, "ఇది నిజంగా అవసరమా సార్" అని అడగండి. ఒకరు గుడ్డిగా రాశారని ఇంకొకరు గుడ్డిగా మింగడం మాత్రం న్యాయం కాదు. ఇక ఫీజు. రోజు కూలి వదులుకుని నెల్లూరు పోయి వందలు పోయడం మత్స్యకార కుటుంబానికి తేలిక కాదు, ఒప్పుకుంటాను. అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవడం ఉచితం. ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ద్వారా ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడవచ్చు, దానికీ పైసా అక్కర్లేదు. కేంద్రంలో డాక్టర్ లేకపోతే మండలాఫీసు ముందు కూర్చోవాల్సింది యువకులే. రీల్స్‌కు పెట్టే ఓపికలో పదో వంతు చాలు.

ఈసారి షాపులో సెఫిక్సిమ్ అడగాలనిపిస్తే, ముందు హెచ్1 రిజిస్టర్ తీసి అందులో మీ పేరూ డాక్టర్ పేరూ రాయమనండి. చీటీ లేదు గనక రాయడం కుదరదంటే, ఆ బిళ్ళలు మీకు అమ్మడానికి కూడా చట్టం ఒప్పుకోదు.