ఆ గింజలు ఎవరివి?

“ఆటే గదా!” అంటారు. సరే, ఆటనే పరీక్షిద్దాం.

డెన్మార్కు సంస్థ లాజిక్ ఆర్టిస్ట్స్ 2013లో తెచ్చిన కంప్యూటరు ఆట ‘ఎక్స్‌పెడిషన్స్: కాంక్విస్టడార్’. అందులో మనం స్పెయిన్ దండునాయకులం. హిస్పానియోలాలో దిగి మెక్సికో చొరబడాలి. దండుకు తిండి, మందులు, అనుచరుల మనస్తత్వాలు అన్నీ లెక్కే. స్థానికులతో స్నేహం చేయవచ్చు, కత్తీ దూయవచ్చు. ఇదే స్వేచ్ఛ అంటారు సమర్థకులు. ఎవరి స్వేచ్ఛ? దయ చూపినా, చంపినా నిర్ణయం దండెత్తినవాడిదే!

కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర నిలబడి ఎదుటి ఒడ్డు చూడండి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు ఫోర్డు చేతిలో ఓడిన ఫ్రెంచి కాన్‌ఫ్లాన్సు పారిపోయి వచ్చింది ఆ రాజమహేంద్రవరానికే. అంతకు ముందు, 1753లో, సలాబత్ జంగు నాలుగు సర్కార్లను బుస్సీకి రాసిచ్చాడు. దేనికి? ఫ్రెంచి సైన్యం ఖర్చుకు! అంటే దండు తిన్న ప్రతి గింజా మన రైతు శిస్తే. 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడిక. సర్కార్లు ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. దున్నినవాణ్ణి ఎవరడిగారు?

ఆటలో దండు ఆకలికి లెక్క ఉంది. ఆ దండును మేపినవాడి ఆకలికి లెక్క లేదు. ఇది మరపు కాదు, విజేత రాసుకున్న చరిత్రే.

మిత్రులారా, ఆట మానమనను. ఆడండి. కాని గెలిచిన ప్రతిసారీ అడగండి: ఈ దండు తిన్న గింజలు ఎవరివి?