గుమ్మం నుంచి గుమ్మానికి ఒక టాక్సీ
(సింగపూర్, మలేసియా రవాణా అధికారులకు బహిరంగ లేఖ)

సెంగ్‌కాంగ్, సింగపూర్
2025 సెప్టెంబర్

సింగపూర్ ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ వారికి, మలేసియా భూరవాణా సంస్థ అపాడ్ వారికి,

నేను పద్దెనిమిదేళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నాను, ఇక్కడే ఒక బాలబడిలో పనిచేస్తున్నాను. మా అమ్మాయిని జొహోర్ బాహ్రు ఇచ్చాం. అల్లుడి ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి పెరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లో పనికి వచ్చిన మనిషి. ఆ కుటుంబం నాలుగు తరాలుగా మలేసియాలోనే ఉన్నా ఇంట్లో తెలుగు పోనివ్వలేదు. మా ఇంటికీ, మా అమ్మాయి ఇంటికీ మధ్య ముప్పై కిలోమీటర్లు ఉండదు. అనకాపల్లి నుంచి విశాఖ వెళ్ళేంత దూరం కూడా కాదు.

మీకు అర్థమయ్యే భాషలో ఒక ప్రతి విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడం ఎందుకంటే, సింగపూర్‌నూ జొహోర్‌నూ కలిపే వంతెనకు రెండు వైపులా నాలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. దాన్ని దాటే కష్టం మాలో మేం గొణుక్కోవడమే తప్ప ఎవరమూ పైకి చెప్పలేదు.

జూన్‌లో మనవడు పుట్టాడు. వాడి తాతమ్మ, అంటే మా అమ్మ, అనకాపల్లి నుంచి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది, చేతికర్ర లేనిదే మెట్టు దిగదు. బాలింతకు పెట్టాలని ఊరి బెల్లంతో మినప సున్నుండలు చేసి స్టీలు డబ్బా నిండా తెచ్చింది. తన పాత నేత చీరలు కలిపి చంటివాడికి బొంత కుట్టింది. ఆ డబ్బా, ఆ బొంత, రెండు బట్టల సంచులు, అమ్మ. ఇన్నిటితో పాటు ఆమెను వంతెన దాటించాలి.

బస్సు దారి ఎలా ఉంటుందో అందులో వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఉడ్‌లాండ్స్ చెక్‌పాయింట్ దగ్గర సామానుతో సహా దిగాలి. ఎస్కలేటర్ ఎక్కి, పాస్‌పోర్టు చూపించి, మళ్ళీ కిందికి వచ్చేసరికి మనం దిగిన బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఇంకో బస్సు కోసం వరసలో నిలబడాలి. వంతెన చూస్తే కిలోమీటరు మీద కాస్త. అది దాటగానే అవతల మళ్ళీ దిగడం, మళ్ళీ పైకి ఎక్కడం, మళ్ళీ పాస్‌పోర్టు. శుక్రవారం సాయంత్రం అయితే ఆ వరసలో సంచి కింద పెట్టే చోటుండదు. వయసులో ఉన్నవాళ్ళు, రోజూ పనికి పోయి వచ్చేవాళ్ళు, అలవాటు మీద నెట్టుకొస్తారు. కారులో వెళ్ళేవాళ్ళకు ఈ బాధ లేదు. సీట్లోంచి లేవకుండానే రెండు దేశాల తనిఖీ అయిపోతుంది. 2024 మార్చి నుంచి సింగపూర్ వైపు పాస్‌పోర్టు బదులు ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపించినా సరిపోతోంది.

మరి లైసెన్సు ఉన్న టాక్సీ ఎక్కవచ్చు కదా అని మీరు అడుగుతారు. ఎక్కవచ్చు. కానీ ఏళ్ళ తరబడి ఉండి, 2025లోనూ అమల్లో ఉన్న మీ ఒప్పందం ప్రకారం సింగపూర్ టాక్సీ జొహోర్‌లో లార్కిన్ టెర్మినల్ దగ్గరే దింపాలి. మలేసియా టాక్సీ సింగపూర్‌లో బాన్ సాన్ వీధి స్టాండు దగ్గరే దింపాలి, అక్కడే ఎక్కించుకోవాలి. అంటే అమ్మను లార్కిన్‌లో దించి, సంచులన్నీ దించి, ఇంకో బండి పిలిచి, మళ్ళీ అన్నీ ఎక్కించాలి. మా అమ్మాయి ఇల్లు దారిలోనే ఉన్నా, దాని ముందు నుంచే పోయినా, అక్కడ ఆపడానికి ఆ టాక్సీకి హక్కు లేదు.

మా బ్లాకులో ఒకావిడ ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. మలేసియా నంబరు ప్లేటు కారు. అనుమతి లేని బండి అని నాకు తెలుసు. తెలిసే పిలిచాను. ఈ లేఖలో అబద్ధం రాయను.

డ్రైవరు పాతికేళ్ళ తమిళ కుర్రాడు. నాలుగు రోజులు ఫ్యాక్టరీలో పని, మిగతా రోజులు ఇది, కారు వాయిదాల కోసం. అమ్మను చెయ్యి పట్టి ఎక్కించాడు, కర్రను సీటు పక్కన ఆనించాడు. ఉడ్‌లాండ్స్ దగ్గర పడుతుండగా అద్దంలోంచి చూసి మెల్లగా అన్నాడు: ఎవరైనా అడిగితే నేను మీ బంధువునని చెప్పండి, డబ్బు మాట ఎత్తకండి.

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ అబ్బాయి తల్లి పేరేంటో కనుక్కో" అంది.

"ఎందుకమ్మా?"

"మేనల్లుడనుకో, ఇంకోటనుకో, బంధువని చెప్పాలంటే తల్లి పేరైనా తెలియకపోతే ఎలాగే?"

కుర్రాడు తల్లి పేరు చెప్పాడు. అమ్మ దాన్ని పెదాల మీద రెండుసార్లు పలుక్కుంది. కౌంటరు దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. కారు వంతెన మీదికి వచ్చాక, నీళ్ళ వైపు చూస్తూ అమ్మ అంది: "అడగలేదు గానీ, అడిగితే చెప్పేసేదాన్నే. ఈ వయసులో నాకిదేం పని."

మూడు నెలలైంది. ఆ మాట నన్ను వదల్లేదు. అమ్మ చేత ఆ పని చేయించబోయింది నేనే.

జూలైలో సింగపూర్‌లో తనిఖీలు గట్టిగా మొదలయ్యాయి. చాంగీ విమానాశ్రయం లాంటి చోట్ల అనుమతి లేని బాడుగ బండ్లను పట్టుకుని స్వాధీనం చేసుకున్నారు. నేరం రుజువైతే 3,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కారు కూడా పోవచ్చు. మలేసియా వైపు కూడా అలా బేరాలు చేసే సింగపూర్ కార్లను పట్టుకున్నారు. అదే నెల ఒకటో తేదీ నుంచి ప్రవేశ అనుమతి పత్రం, అదే విఇపి, లేని సింగపూర్ వాహనాలకు మలేసియా 300 రింగిట్ల జరిమానా వేయడం మొదలుపెట్టింది. పేపర్లలో ఇవన్నీ పక్కపక్కనే వచ్చేసరికి రెండు దేశాలు కారు నంబర్లతో తగువు పడుతున్నట్టు కనిపించింది.

మీ తనిఖీలను నేను తప్పు పట్టడం లేదు. బాడుగకు నమోదు కాని కారులో ప్రమాదం జరిగితే లోపలున్న ప్రయాణికుడికి బీమా అందకపోవచ్చు. అమ్మను ఎక్కించేటప్పుడు నేను ఆ సంగతే ఆలోచించలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, ఆగస్టులో బాన్ సాన్ వీధికి వెళ్ళి చూశాకే అది నాకు తెలిసింది.

బుగిస్ దగ్గర, క్వీన్ స్ట్రీట్ బస్సుల పక్కన ఆ స్టాండు. ఒక చైనీస్ అంకుల్, అరవై దాటిన మనిషి, టాక్సీ డిక్కీ తెరిచిపెట్టి దానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఉదయం ఎనిమిదింటికి వచ్చాడట. నేను వెళ్ళేసరికి పదకొండు దాటింది, ఇంకా మొదటి బేరం తగల్లేదు. రెండు దేశాల అనుమతులూ తీసుకున్నవాడు, తనిఖీకి బండి చూపించేవాడు, బీమా కట్టేవాడు. "నా ప్రయాణికులు విమానాశ్రయంలోనే అనుమతి లేని కార్లెక్కి వెళ్ళిపోతున్నారు" అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. నేను పిలిచిన కారు తీసుకున్న బేరం ఆయనదే. ఆయనకు ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది, ఇక్కడ చెబుతున్నాను.

ఆయన భయానికి కారణముంది. ఒక సింగపూర్ డాలరుకు మూడు రింగిట్లకు పైనే వస్తాయి. సింగపూర్‌లో కారు కొనాలంటే ముందు తీసుకోవాల్సిన హక్కు పత్రానికే 2025లో లక్ష డాలర్లు దాటింది. ఆ ఖర్చులేవీ లేకుండా వచ్చిన బండి సగం ధరకు తిప్పినా దాని యజమానికి మిగులుతుంది. తలుపులు బార్లా తెరిస్తే ఇక్కడి డ్రైవర్ల పొట్ట మీద కొట్టినట్టే. లార్కిన్ దగ్గరి మలయ్ డ్రైవరు వైపు నుంచి చూసినా అంతే: సింగపూర్ కార్లు వచ్చి ఆయన ఊళ్ళో ఆయన ప్రయాణికుల్ని ఎక్కించుకుపోతే ఆయనకేం మిగులుతుంది? 2024 జూన్ 2తో రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి రాజధానిగా హైదరాబాద్ గడువు ముగిశాక, ఆంధ్రా నంబరు క్యాబ్‌లు తమ నగరంలో తిరగొద్దని అక్కడి డ్రైవర్లు కొందరు పట్టుబట్టారు. ఒకే దేశంలో, ఒకే భాష మాట్లాడేవాళ్ళ మధ్యే అలా జరిగింది. అక్కడా ఇక్కడా తగువు కూటి గురించే. కాబట్టి యాప్ కంపెనీల బండ్లన్నిటికీ ఒక్కసారిగా తెరిచేది లేదని సింగపూర్ అనడాన్ని నేను అర్థం చేసుకోగలను.

నాకు అర్థం కానిది ఒకటే. మీ టాక్సీల ఒప్పందం కింద 2025 నాటికి రెండు వైపులా చెరో 200 టాక్సీలకు అనుమతి ఉంది. ఆ కోటా పూర్తిగా వాడుకలో లేదు. అనుమతి లేని కార్లు అంత ధైర్యంగా తిరుగుతుంటే, అనుమతి ఉన్న స్థానాలు ఖాళీగా ఎందుకున్నాయి? బాడుగ ఎక్కువని కాదు. నేను ఆ కుర్రాడికి తక్కువేమీ ఇవ్వలేదు. అతను మా బ్లాకు కిందికి వచ్చాడు, మా అమ్మాయి గేటు ముందు దించాడు. నేను డబ్బిచ్చింది దానికి. మీ టాక్సీలకు మీరే కాదన్నది కూడా సరిగ్గా అదే. కోటా 200 నుంచి ఎంతకు పెంచినా, లార్కిన్‌లో దిగి తీరాలన్నంత కాలం నాలాంటివాళ్ళు ఆ ఫోన్ నంబరు వెతుక్కుంటూనే ఉంటారు.

దింపే చోటు మీద ఉన్న నియమం తీసేయండి. సరిహద్దు దాటి వచ్చిన టాక్సీ ప్రయాణికుణ్ణి అతను చెప్పిన ఇంటి ముందు, ఆసుపత్రి ముందు, విమానాశ్రయంలో దింపనివ్వండి. తిరుగు ప్రయాణంలో ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళను, సరిహద్దు దాటేవాళ్ళను మాత్రమే వాళ్ళున్న చోటికి వచ్చి ఎక్కించుకోనివ్వండి. అవతలి దేశంలో లోకల్ బేరం మాత్రం ఒక్కటీ వద్దు. జొహోర్‌లో జొహోర్ డ్రైవరు, సింగపూర్‌లో సింగపూర్ డ్రైవరు. ఆ గీత గట్టిగా ఉంటే రెండు వైపులా డ్రైవర్ల భయం చాలావరకు తీరుతుంది.

ఆ గీత దాటారా లేదా చూడటం ఇప్పుడు కష్టం కాదు. ప్రతి ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఎంత తీసుకున్నారో బుకింగ్‌లో నమోదవుతుంది. బండి నంబరు చెక్‌పాయింట్‌లో ఎలాగూ నమోదవుతుంది. ఆ రెండూ కలిపి చూస్తే చాలు, కార్‌పార్కుల్లో మాటు వేయక్కర్లేదు. కొత్త అనుమతులు ఇచ్చేటప్పుడు ముందు ఇన్నాళ్ళూ నియమం పాటించి నష్టపోయినవాళ్ళకు, అంటే బాన్ సాన్ అంకుల్‌కూ లార్కిన్ డ్రైవర్లకూ ఇవ్వండి. ఆ తర్వాత మమ్మల్ని తీసుకెళ్ళిన కుర్రాడిలాంటివాళ్ళకు పరీక్ష పెట్టి, బీమా కట్టించి, లైసెన్సు తీసుకునే దారి చూపండి. కారు జప్తు అయితే వాయిదాలు మాత్రం ఆగవు. ఇవాళ అతనికి దారే లేదు.

2026 చివరికి ఆర్‌టిఎస్ రైలు వస్తుంది, అప్పుడు ఈ ఇబ్బంది ఉండదని కొందరు అంటున్నారు. రైలు రావడం నాకూ సంతోషమే. బుకిట్ చగార్ నుంచి ఉడ్‌లాండ్స్ నార్త్ దాకా నాలుగు కిలోమీటర్లు, ఐదు నిమిషాలు, గంటకు ఒక్కో వైపు 10,000 మంది దాకా. తెల్లవారుజామున నాలుగింటికే లేచి వంతెన మీద వరస కట్టే పనివాళ్ళకు అది పెద్ద ఊరట. కానీ ఆ రైలు ఒక స్టేషన్ నుంచి ఒక స్టేషన్‌కే. స్టేషన్ దాకా వెళ్ళడం, అక్కడి నుంచి ఇంటికి చేరడం, ఆ రెండు చోట్లా సంచులు మోయడం అలాగే ఉంటాయి. రైలు వల్ల వంతెన మీద రద్దీ తగ్గితే, ఆ ఖాళీ అయిన దారిలో కొంత నడవలేనివాళ్ళను తీసుకెళ్ళే టాక్సీలకు ఇవ్వండి.

1924లో ఆ వంతెన అధికారికంగా తెరిచినప్పుడు ఈ రెండు దేశాలూ ఇంకా పుట్టలేదు. 1965లో విడిపోయారు. అయినా ఇవాళ్టికీ రోజూ సుమారు మూడు లక్షల మంది దాన్ని దాటుతున్నారు. అందులో పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, చావులకు వెళ్ళేవాళ్ళెందరో లెక్క ఎవరూ రాయరు.

క్రాస్‌బోర్డర్ టాక్సీల గురించి మలేసియాతో మాట్లాడుతున్నామని సింగపూర్ ఆగస్టులో చెప్పింది. ఆ మాటల్లో కోటాలు, స్టాండ్ల చోట్లు, ఎవరి డ్రైవర్లకు ఎంత అన్నవి తప్పకుండా వస్తాయి. ప్రయాణికుల తరఫున ఆ గదిలో ఎవరు కూర్చుంటున్నారో తెలియజేయండి. ఎవరూ లేకపోతే మమ్మల్ని పిలవండి. నేను వస్తాను, అవతలి నుంచి మా వియ్యపురాలు వస్తుంది.

డిసెంబర్‌లో మనవడికి ఆరో నెల, అన్నప్రాశన. అమ్మ మళ్ళీ వస్తానంది, టికెట్టు కూడా తీయించుకుంది. ఈసారి వెండి గిన్నె, చెంచా తెస్తోంది. ఆ ఫోన్ నంబరుకు మళ్ళీ చేయనని అమ్మకు మాటిచ్చాను. మా సెంగ్‌కాంగ్ బ్లాకు కింద ఆమెను ఎక్కించుకుని జొహోర్‌లో మా అమ్మాయి గేటు దగ్గర దింపే, మీ రెండు దేశాల అనుమతి ఉన్న టాక్సీ ఒకటి కావాలి. దానికి ఎవరిని పిలవాలో ఆలోపు చెప్పండి.

ఇట్లు,
సెంగ్‌కాంగ్ నుంచి ఒక అమ్మమ్మ