బందరు రేవు గుర్తులను తుఫాన్ల నుంచి కాపాడేదెవరు?

రహమత్ నగర్, హైదరాబాద్: 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వరంగల్ కాలనీలు నీట మునిగాయి. తుఫాను అంటే కోస్తావాళ్ల కష్టమే అనుకునే హైదరాబాదీలకు అదొక పాఠం. పాత కట్టడాల విషయంలోనూ అంతే.

రహమత్ నగర్‌కు దగ్గర్లోనే ఉన్న గోల్కొండకు ఒకప్పుడు సముద్రపు వాకిలి మచిలీపట్నం, అంటే బందరు. గోల్కొండ వజ్రాలు, కలంకారీ బట్టలు అక్కడే ఓడలెక్కేవి. హజ్‌కు వెళ్లేవాళ్లు కూడా ఆ రేవు నుంచే ఎర్ర సముద్రం వైపు బయలుదేరేవారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ వర్తకం మొదలుపెట్టారు. ఇప్పుడు కనిపించేవి బందరు కోటలో కొన్ని శిథిలాలు, డచ్చివారి సమాధులు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఆ ప్రాంతంలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన మళ్లీ వేలమందిని మింగింది. అందుకే ముందు ప్రాణాలు, తర్వాత ఇళ్లు, పంటలు. అందులో రెండో మాట లేదు. కానీ పాత గోడల వంతు ఎప్పటికీ రాకపోతే ఎలా?

ఉప్పునీరు ఇటుకల్లోకి దిగి ఆరినప్పుడు ఉప్పు గడ్డకట్టి గోడ పొరలు పొరలుగా రాలుతుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి నష్టం ఇంకా పెరుగుతుంది. సున్నపు మరమ్మతు, నీరు పోయే కాలువ, పగుళ్లలో మొలిచిన రావి మొక్కల తొలగింపు... ఇవన్నీ తుఫానుకు ముందే చేయాల్సిన పనులు. హెచ్చరిక వచ్చాక పడవను ఒడ్డుకు లాగొచ్చు, గోడను లాగలేం.

వారసత్వ కట్టడాల కోసం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి జిల్లా ప్రణాళికల్లోకి, బడ్జెట్‌లోకి రావాలి. తీరంలో మడ అడవులు కాపాడితే అలల జోరు తగ్గుతుంది, ఊరికీ కట్టడానికీ మేలే.

మసీదు, దర్గా, ఖబ్రస్తాన్ కమిటీలు సర్కారు కోసం ఎదురుచూడకుండా చేయగలిగింది కూడా ఉంది. ఉమీద్ పోర్టల్ కోసం 2025లో చాలామంది వక్ఫ్ కాగితాలు సర్దుకున్నారు. వాటికి ప్రతి గోడ ఫొటో, కొలతలు, పాత శాసనాల నకళ్లు చేర్చి ఒక కాపీ వేరే ఊళ్లో ఉంచాలి. రేపు గోడ కూలినా, అది ఎలా ఉండేదో చూసి మళ్లీ కట్టుకోవచ్చు. పరిహారం అడగడానికీ చేతిలో రుజువు ఉంటుంది.