ఆరె మనది, అంగడి ఎవలది?

పట్నాలల్ల ఒక కొత్త యాపారం లేచింది. పాత తోలు బూట్లు, ఆడోళ్ళ తోలు సంచులు, ఉన్నోళ్ళ ఇండ్లల్ల సోఫాలు, కార్ల సీట్లు పగిలిపోయి, రంగు పోయి ఉంటే తీసుకపోయి ఇస్తే చాలు, కొత్తవాటి లెక్క చేసి ఇస్తరు. దుకాణానికి అద్దాల తలుపు, లోపల ఏసీ. పని చేసేటాయన చేతులకు తొడుగులు, మెడల గుర్తింపు కార్డు. రసీదు ఇస్తరు, వారం రోజుల గడువు పెడ్తరు, సగం పైసలు ముందుగాల్నే కట్టించుకుంటరు. ఒక్క సంచి బాగు చేసినందుకు వేలల్ల తీసుకునే చోట్లు కూడ ఉన్నయి. ఈ పని పేరు 'లెదర్ రెస్టోరేషన్'. కొందరైతే బూట్లకు 'స్పా' అని బోర్డు రాసుకున్నరు.

ఇదే పని మన పెద్దపల్లిల రోడ్డు పక్కన, చిరిగిన గొడుగు కింద, గోనెసంచి మీద కూసోని చేసేటాయనకు పేరేంది? ఆ పేరు తిట్టు లెక్క వాడేటోళ్ళు ఈ పత్రిక చదవరు గని, మీకు తెలుసు. అరవై ఏండ్ల ఆ పెద్దమనిషిని ఇరవై ఏండ్ల పోరడు "అరేయ్, జర ఇది చూడు" అంటడు. చెప్పు చేతికియ్యడు, కాలుతోని ముందటికి నూకుతడు. ఇరవై అడిగితే పది పారేస్తడు. షోరూంల అచ్చుకొట్టిన ధరకు నోరెత్తకుండ డబ్బులు కట్టివచ్చిన మనిషే ఈడ పది రూపాయల కాడ అరగంట బేరం జేస్తడు.

అన్నలారా, అక్కలారా, నేను అడిగేది ఒక్కటే. పనిల తేడా ఏమున్నది?

పని సంగతి తెల్వనోళ్ళ కోసం కొంచెం ఇవరంగ చెప్పుకుందాం. మనోళ్ళల్ల కూడ చదువుకున్న పిలగాండ్లు చానమంది ఈ పనిని "ఏదో కుట్టుడు" అనుకుంటున్నరు.

తోలు ఎందుకు పగులుతది? తోలంటే సన్నసన్న నారల అల్లిక. ఆ నారల నడుమ కొవ్వు ఉన్నన్ని రోజులు మెత్తగ వంగుతది. ఎండకు, నీళ్ళకు ఆ కొవ్వు పోతే నార నార రాసుకొని తెగుతది. అందుకే తెలిసినాయన పాత బూటు చేతికి రాంగనే పాలిష్ డబ్బా మూత తియ్యడు. ముందు దుమ్ము దులుపుతడు, పిండిన తడిబట్టతోని తుడుస్తడు, నీడల ఆరబెడ్తడు. ఎండల పెడితే బిర్రుసయితది, పొయ్యి కాడ పెడితే ముడుచుకపోతది. ఆరినంక ఆముదమో ఇంకో నూనెనో పల్చగ పట్టిస్తడు. ఎక్కువైతే తోలు నల్లబడి వదులైతది. ఆ కొలత ఏ పుస్తకం చూసి నేర్చిండు? వేలికొసలతోనే నేర్చిండు.

కుట్టు తెగిపోతే మైనం పట్టించిన దారం తీసుకొని ఆరెతోని కుట్టుకొస్తడు. కొత్తగ రంధ్రాలు పొడవడు, పాత రంధ్రాలల్లకెళ్ళే పోతడు. పక్కపక్కన రంధ్రాలు పొడిస్తే తపాలాబిళ్ళ చింపినట్టు తోలు ఆడికాడికి చినుగుతది. అంచు లేస్తే రంపెతోని చెక్కి సమానం చేస్తడు. రంగు ఒక్కసారే దట్టంగ పెట్టడు, పల్చగ రెండుమూడు సార్లు పెడ్తడు. పాలిష్ అయితే చిటికెడే. అది ఆరినంక బ్రష్షు, ఆఖరికి చుక్క నీళ్ళు చిలకరించి బట్టతోని రుద్దుడు. పాలిష్‌ల ఉన్న మైనం సన్న గీతలల్ల నిండితే పైభాగం నున్నగయితది, అందుకే మెరుస్తది.

ఇంకో ముచ్చట. ఇప్పటి ఫ్యాక్టరీ తోలుకు చానావాటికి పైన రంగు పొర ఉంటది. ఆ పొర మీద నూనె పోస్తే ఇంకది, జిడ్డు మిగులుతది. రెగ్జిన్ అయితే తోలే గాదు, బట్ట మీద ప్లాస్టిక్ పూత. పొట్టు లేసిన రెగ్జిన్ సోఫాకు ఏ నూనె పెట్టినా పానం రాదు. మన మనిషి అంచు తిప్పి చూసి, అడుగున నార ఉన్నదా బట్ట ఉన్నదా చూసుకొని "సార్, ఇది తోలు గాదు, పైసలు దండుగ" అని నిమిషంల చెప్తడు. అద్దాల దుకాణంల అట్ల చెప్పి గిరాకీని వాపసు పంపుతరో లేదో మీరే పోయి చూడుండ్రి.

ఈ తెలివి యాడికెళ్ళి వచ్చింది? లంద కాడికెళ్ళి వచ్చింది. మన తాతలు పచ్చితోలును నీళ్ళల్ల నానబెట్టిండ్రు. సున్నంల వేసి వెంట్రుక ఊడగొట్టిండ్రు, మాంసం గీకిండ్రు, సున్నం పోయేదాక కడిగిండ్రు. తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్ళల్ల రోజుల తరబడి ఊరబెట్టిండ్రు. కుళ్ళిపోయేదాన్ని ఏండ్లకేండ్లు నిలిచేటట్టు చేసుడు రసాయనశాస్త్రం. 1948ల మద్రాసుల కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టిండ్రు. ఆడ తోలు ఊరబెట్టే మనిషి శాస్త్రవేత్త, ఊరి బయట లంద కాడ ఊరబెట్టినాయన అంటరానోడు. అదే తంగేడు 2014ల తెలంగాణ రాష్ట్ర పువ్వు అయింది. మంచిదే, బతుకమ్మల పెట్టుకుంటం. గని పువ్వుకు రాష్ట్ర హోదా ఇచ్చినోళ్ళు ఆ చెట్టు చెక్కతోని ఊరంతటికీ చెప్పులు తొడిగిన మనిషిని యాది చేసుకున్నరా?

ఆ రోజులల్ల కూడ కూలి లేదు. మోట బొక్కెన మనదే, ఎడ్ల వార్లు మనయే, దొర కిర్రు చెప్పులు మనం కుట్టినయే. రైతులు కల్లం కాడ ఇంత మేర పోసేటోళ్ళు. దొరకైతే అదీ లేదు, అంతా వెట్టి. 1946–51 సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకంల, తోలుపని చేసేటోళ్ళు చెప్పులు, వ్యవసాయానికి కావల్సిన తోలు సామాను భూస్వాములకు ఉచితంగ ఇయ్యాల్సి వచ్చేదని రాసి ఉన్నది. కుట్టి ఇచ్చినోడు గడి ముందటికెళ్ళి పోవాలంటే తన చెప్పులు చేతుల పట్టుకొని నడవాలె. ఈ వెట్టి దానంతటదే పోలేదు. మన జిల్లాలల్ల 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర నడిచింది, కూలోళ్ళు దొరల మీద తిరగబడ్డరు, తర్వాత పోలీసు క్యాంపులొచ్చినయి, మన పిలగాండ్లు సచ్చిపోయిండ్రు. అట్ల పోయింది.

ఇంతల కరెంటు మోటరు వచ్చి మోట పోయింది. రబ్బరు చెప్పు, ప్లాస్టిక్ చెప్పు వచ్చి లందలు ఎండిపోయినయి. ఊరిల కుట్టుడుకు పని లేకపాయె. మిగిలింది ఏందంటే, పట్నంల పాతది బాగు చేసే పని. ఇప్పుడు దాని మీద కూడ పెట్టుబడి వచ్చి కూసున్నది.

ఆ దుకాణాలల్ల వెనక అర్రల కూసోని కుట్టేటోడు ఎవలు? నేను ఖాయంగ చెప్పలేను గని, పోయి అడుగుండ్రి. ముందర కౌంటర్ల కూసున్నాయన ఇంటిపేరు, వెనక ఆరె పట్టినాయన ఇంటిపేరు రెండూ అడుగుండ్రి.

ఈ మాట మీద మన ఉద్యమంల రెండు తీర్ల వాదన ఉన్నది. ఒకలంటరు, ఆరె ఇసిరికొట్టాలె, అది మన బానిసత్వం. ఇంకొకలంటరు, అది మన కళ, మన గౌరవం, ఇడువొద్దు. రెండు దిక్కుల మాట్లాడేటోళ్ళు నా దోస్తులే, తిట్టుకోవద్దు. గని రెండు వాదనలల్ల కూలి ముచ్చట రాదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ సచ్చిన పశువులను మొయ్యొద్దని చెప్పినప్పుడు, తోలుకు, కొమ్ములకు, ఎముకలకు వచ్చే ఆదాయం పోగొట్టుకుంటున్నరు పాపం అని పై కులపోళ్ళ దిక్కు నుంచి పత్రికలల్ల రాసిండ్రు. 1956 అక్టోబరు 15న నాగపూర్ల మాట్లాడుకుంట ఆయన ఆ ముచ్చట ఎత్తిండు. అంత లాభముంటే మీరే మొయ్యుండ్రి, ఆ లాభం మీరే తినుండ్రి అన్న తీరుగ జవాబు చెప్పిండు. 2016 జూలై 11న గుజరాత్ల ఊనా కాడ సచ్చిన ఆవు తోలు తీస్తున్న మన పిలగాండ్లను కట్టేసి కొడితే, సురేంద్రనగర్ల మనోళ్ళు కళేబరాలు తెచ్చి కలెక్టర్ ఆఫీసు ముందట పడేసిండ్రు. మీ గోమాతను మీరే సాగనంపుకోండ్రి అన్నరు. దీనికి చట్టం కూడ ఉన్నది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. మనోళ్ళతోని పశువు కళేబరం ఎత్తిపిచ్చుడు దాంట్ల నేరం. ఏ సర్పంచయినా "మీ వంతు" అని మనిషిని పంపితే ఈ మాట చెప్పుండ్రి.

గని అంబేద్కర్ పని మీద ఉమ్మెయ్యమనలేదు. కులం పెట్టిన పనిని కులం చెప్పిన ధరకు చెయ్యొద్దన్నడు. యూరప్ల జ్లిన్ అనే ఊళ్ళె తరతరాల చెప్పులు కుట్టే ఇంట్ల పుట్టిన తోమాష్ బాటా 1894ల కంపెనీ పెట్టిండు. మన దేశంల ఏ సందుకు పోయినా ఆ పేరు కనబడ్తది. పెద్దపల్లిల గొడుగు కింద కూసున్నాయనకు, ఆయనకు చేతివాటంల తేడా ఉన్నదని నేను అనుకోను. ఆడ చెప్పు కుట్టినోని కొడుకుకు బ్యాంకు తలుపు, బజారు తలుపు మూసుకపోలేదు, అంతే.

ఇప్పుడు సర్కారు కొత్త పథకం ఒకటి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ మొదలుపెట్టింది. 18 చేతివృత్తులల్ల చెప్పులు కుట్టుడు ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, తర్వాత అప్పు మొదలు లక్ష, మల్ల రెండు లక్షలు, 5 శాతం మిత్తి. తీసుకునేటోళ్ళు తీసుకోండ్రి, అది మన పన్నుల పైసనే. గని ఆ పథకం కుటుంబపరంగ వచ్చే వృత్తులకు అని రాసుకున్నది. తండ్రి కుట్టిండు గనుక కొడుకు కుట్టాలె అనేది పాత మనువు మాటే. తమిళనాడు సర్కారు ఆ షరతును ఒప్పుకోక 2024ల ఎదురుతిరిగి కుటుంబంతోని ముడిపెట్టని పథకం సొంతంగ పెట్టుకున్నది. మన రాష్ట్రంల ఆ ప్రశ్న ఎవరడిగిండ్రు? చొప్పదండి మండలం రుక్మాపూర్, ఇటు మందమర్రి, లెదర్ పార్కుల పేర్లు ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వింటనే ఉన్నం.

నేను బడిపంతుల్ని. నా సంగతి చెప్తే కొడుకు ముచ్చట అర్థమైతది. ఒక బడిల, బడి పేరు రాయను, ఆరో తరగతి పిలగానికి ఒక సారు తెగిన చెప్పు ఇచ్చి "మీ నాయినతోని కుట్టించుకరా" అన్నడు. క్లాసంత నవ్వింది. పైసలిచ్చుడు సారుకు యాదికే రాలేదు. ఆ పిలగాడు మూడు రోజులు బడికి రాలేదు. వాళ్ళ నాయిన చెప్పు కుట్టి పంపిండు, మంచిగ మైనం దారంతోని. నేను పోయి సారును కూలి అడిగిన. "అరే, ఇంత దానికి కూలేంది సార్" అన్నడు. ఇంత దానికే తమ్ముడా. ఆ ఇరవై రూపాయలిస్తే అది పని. ఇయ్యకపోతే అది కులం.

అందుకే సంఘాలోళ్ళకు నేను చెప్పేది, పెద్దపల్లిల ఈ పని చేసే వాళ్ళందరినీ, మాదిగలు, మోచీలు, సమగారలు ఎవలున్నా ఒక్కకాడ కూసోబెట్టుండ్రి. ధరల బోర్డు రాపిచ్చుండ్రి: కుట్టుకింత, అడుగు మార్చనీకింత, రంగు ఏసి పాలిష్ చేస్తే ఇంత, తోలు సంచికింత, కుర్చీకింత. ఒకలు తక్కువకు చేస్తే అందరం మునుగుతం. సర్పంచు చెప్పయినా, ఎస్సై బూటయినా, సంఘం లీడరు బూటయినా బోర్డు మీదున్నదే తీసుకోవాలె. మన లీడర్లు కూడ "తమ్మి, జర" అనుడు బంద్ చెయ్యాలె, ఈ ముచ్చట నాకు కోపమొచ్చే రాస్తున్న.

కూసునే జాగ ముచ్చట. 2014ల వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. అమ్మేటోళ్ళే గాదు, రోడ్డు పక్కన సేవ చేసేటోళ్ళు కూడ దాని కిందికొస్తరు. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాక ఎవలనూ లేపొద్దని చట్టంలనే ఉన్నది. పట్టణ కమిటీల 40 శాతానికి తక్కువ గాకుండ వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలె. పెద్దపల్లి పార్లమెంటు సీటు 1962 నుంచి ఎస్సీ రిజర్వుడు. ఇన్నేండ్లల్ల మన ఓటుతోని ఢిల్లీ పోయినోళ్ళు ఆ గొడుగు కిందికి ఎన్నిసార్లు వచ్చిండ్రు, మీరే లెక్కేసుకోండ్రి.

సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది. దరఖాస్తుల మూడు సంగతులు అడుగుండ్రి: మున్సిపాలిటీ కమిటీల చెప్పులు కుట్టేటోళ్ళు ఎందరున్నరు, వాళ్ళ పేర్లు సర్వేల ఎక్కినయా, సర్కారు ఆఫీసులల్ల చిరిగిన తోలు కుర్చీలు, సోఫాలు బాగు చేసే పని మన సంఘానికి కూలి ధర మీద ఇస్తరా. రెండు కాపీలు రాసుకపోండ్రి, ఒకదాని మీద ముద్ర ఏపిచ్చుకొని తెచ్చుకోండ్రి.