ఇంటా బయటా: మనవాణ్ణి యే టీములో వేశారు?

వేసవి సెలవులు ముగిసి బళ్ళు తెరిచే రోజులు వచ్చాయంటే మన బెంగుళూరు యిళ్ళలో వొక కొత్త బెంగ మొదలవుతున్నది. ఫుట్‌బాల్ క్లబ్బులవారు పిల్లలను వొకటి రెండు రోజులు ఆడించి చూసి, మొదటి టీము, రెండో టీము అని విడదీస్తారు. ఆ జాబితా తండ్రిగారి ఫోనులోకి వచ్చిన సాయంత్రం యింట్లో యెవరికీ అన్నం సయించదు. "మనవాణ్ణి రెండో టీములో వేశారు. ఫలానా క్లబ్బువాళ్ళు మొదటి టీములోకే తీసుకుంటామంటున్నారు. మార్చేద్దామా?" అని భార్యాభర్తలు రాత్రి పొద్దుపోయేదాకా తర్జనభర్జన పడతారు. అటువంటి యిళ్ళ కోసమే యీ నెల నాలుగు మాటలు.

క్లబ్బు మారితే ఆడే తీరు కూడా మారుతుంది. మైదానం గట్టున అరగంట నిలబడితే యే క్లబ్బుది యే తీరో తెలిసిపోతుంది. ఒక తీరులో గోల్‌కీపరు బంతిని చేతనైనంత దూరం తన్నుతాడు. ముందు కాచుకొని వున్న వేగమైన కుర్రవాడు దాని వెంటబడి గోలు కొడతాడు. రెండో తీరులో గోల్‌కీపరు పక్కనున్నవాడికి బంతి దొర్లిస్తాడు. వాడు యింకొకడికి, వాడు మరొకడికి యిచ్చుకుంటూ నేల మీదనే ముందుకు సాగుతారు. ఈ తీరులో తప్పులు జాస్తి. సొంత గోలు ముందే బంతి జారవిడిచి, యెదుటివాళ్ళకు గోలు సమర్పించుకుంటారు. గట్టున వున్న తండ్రులు తల పట్టుకుంటారు.

తొమ్మిదేళ్ళ వయస్సులో మొదటి తీరే తరచు గెలుస్తుంది. కారణం సులభం. ఆ యీడు గోల్‌కీపరుకు పైనుంచి వచ్చే బంతి అందదు. వెనుక కాచే పిల్లలకు దూసుకువచ్చేవాణ్ణి ఆపే వొడుపు యింకా పట్టుబడదు. పదమూడు, పద్నాలుగు వచ్చేసరికి యెదుటివాళ్ళూ పొడవెదుగుతారు, వాళ్ళకూ పరుగు వస్తుంది. అప్పుడు బంతిని కాలి దగ్గర అదుపులో పెట్టుకొని, తలెత్తి నలుదిక్కులా చూడగలిగినవాడు నిలుస్తాడు. ఆ విద్య చిన్ననాడు తప్పులు చేస్తూ నేర్చుకోవలసిందే.

గాలిలో వచ్చే బంతుల ఆటకు మరొక చిక్కు వున్నది. తలతో కొట్టవలసిన అవసరం యెక్కువగా పడుతుంది. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో పదేళ్ళవాళ్ళూ అంతకు చిన్నవాళ్ళూ తలతో బంతి కొట్టరాదని నిర్ణయించింది. ఇంగ్లండులో ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లలకు శిక్షణలో తలతో కొట్టడం నేర్పవద్దని 2020లో మార్గదర్శకాలు వెలువడినవి. మీ క్లబ్బులో యీ విషయమై యే కట్టుబాటు వున్నదో అడగండి. అడగడం మీ హక్కు.

అయితే నేల మీద ఆడించే ప్రతి కోచ్ మంచివాడే అనుకోనక్కరలేదు. బంతి అందిన మరుక్షణం "పాస్, పాస్" అని కేకలు వేసి, పిల్లవాడు సొంతంగా వొకణ్ణి తప్పించబోతే కసురుకునేవారూ వున్నారు. ఎనిమిదేళ్ళ బిడ్డకు బంతి కాసేపు తన దగ్గరే వుంచుకొనే స్వేచ్ఛ వుండాలి. పాసు రుచి తరువాత తెలుస్తుంది.

ఇక టీముల సంగతి. పిల్లల పోటీలలో వయస్సును సాధారణంగా జనవరి 1 నుంచి లెక్కిస్తారు. జనవరిలో పుట్టినవాడూ, అదే సంవత్సరం డిసెంబరులో పుట్టినవాడూ వొకే వరుసలో నిలబడతారు. మధ్య పదకొండు నెలల తేడా. పదేళ్ళ పిల్లవాడికి అది వాడు బ్రతికిన కాలంలో దాదాపు పదోవంతు. పెద్దవాడు కాస్త పొడవుగా, కాస్త నిబ్బరంగా వుంటాడు. చూసేవాళ్ళ కళ్ళకు అది ప్రతిభ వలె కనిపిస్తుంది. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలను లెక్కగట్టి 1985లో ప్రచురించిన పరిశీలన యీ సంగతిని బయటపెట్టింది. తరువాత అనేక దేశాల ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రాలలోనూ అదే కనబడింది. మీసాలు మొలిచే వయస్సులో యీ తేడా యింకా పెరుగుతుంది. ఒకే యీడు పిల్లలలో వొకడు యువకుని వలె, మరొకడు పసివాని వలె వుంటారు. కాబట్టి మీ అబ్బాయి అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో పుట్టినవాడైతే, రెండో టీము అన్న మాటను సగం క్యాలెండరు రాసిన తీర్పుగా భావించండి.

హ్యారీ కేన్‌ను చిన్నతనంలో ఆర్సెనల్ క్లబ్బు అక్కరలేదని పంపివేసింది. 2023లో ఆయనే ఇంగ్లండు పక్షాన అత్యధిక గోలులు కొట్టిన ఆటగాడైనాడు. ఆ మాట విని మన యింట్లోనూ వొక కేన్ వున్నాడని కలలు కననవసరం లేదు. చిన్ననాటి జాబితా చివరి జాబితా కాదని గ్రహిస్తే చాలు.

స్థానం విషయంలోనూ తొందర పనికిరాదు. "వీడు డిఫెండరే" అని తొమ్మిదేళ్ళకే ముద్ర వేయించకండి. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీంగారు వొకప్పుడు బడిపంతులు. ఆయన కోచ్‌గా వున్న భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. వెనుక వరుసలో కాచే జర్నైల్ సింగుకు ఆ పోటీలలో తలకు గాయమై కుట్లు పడినవి. రహీంగారు అతణ్ణి యింట్లో కూర్చోబెట్టక ముందు వరుసలో నిలిపారు. సెమీఫైనలులో వొక గోలు, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనలులో వొక గోలు జర్నైల్ కొట్టాడు. బంతి విద్య వచ్చినవాణ్ణి యెక్కడ నిలబెట్టినా అక్కరకు వస్తాడు.

పెద్ద దేశాలవారు కూడా చిన్నపిల్లల ఆటను చిన్నదిగానే వుంచుతున్నారు. ఇంగ్లండులో 2012లో మార్పులు తెచ్చి, యేడెనిమిదేళ్ళవారికి అయిదుగురేసి, తొమ్మిది పదేళ్ళవారికి యేడుగురేసి, పదకొండు పన్నెండేళ్ళవారికి తొమ్మిదిమందేసి ఆడే పద్ధతి పెట్టారు. పదకొండుమంది ఆట ఆ తరువాతనే. మైదానంలో మంది తగ్గితే వొక్కొక్కరి కాలికి బంతి యెక్కువసార్లు తగులుతుంది. మన దేశంలో 2018 ప్రాంతంలో మొదలైన బేబీ లీగుల వెనుక వున్నదీ యీ ఆలోచనే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. క్లబ్బు మార్చాలా, వద్దా? మూడు ఆదివారాలు వొక కాగితమూ పెన్సిలూ తీసుకొని మైదానానికి వెళ్ళండి. మీవాడు యెన్ని నిమిషాలు ఆడాడు, బంతి యెన్నిసార్లు తాకాడు, తప్పు చేసినప్పుడు కోచ్ యేమన్నాడు, ఈ మూడే రాసుకోండి. రెండో టీములో వున్నా సగానికి మించి ఆడుతూ, తప్పు చేసినప్పుడు తిట్టు బదులు వొక సలహా వింటూ వుంటే కదిలించకండి. రెండో టీముకు సరైన కోచే లేకపోయినా, పిల్లవాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చుతున్నా, వారం వారం బల్ల మీదనే కూర్చోబెడుతున్నా నిస్సంకోచంగా మార్చండి. మొదటి టీము పేరు కోసం మార్చి, అక్కడ గట్టున కూర్చుని మంచినీళ్ళ సీసాలు మోసే పని సంపాదించిపెట్టడం తెలివైన బేరం కాదు.

కోచ్‌ను కలిసినప్పుడు "మావాణ్ణి మొదటి టీములో యెందుకు వేయలేదు?" అని నిలదీస్తే ఆయన జవాబు వెతుక్కుంటాడు. "ఈ సంవత్సరం వాడు యేమి నేర్చుకోవాలి?" అంటే చెబుతాడు. ఆ సమాధానాన్ని బట్టే కోచ్ యెటువంటివాడో మీకు తెలిసిపోతుంది.

అన్నిటికంటె ముందు పిల్లవాణ్ణి అడగండి. ఆ రెండో టీములో వాడి ప్రాణస్నేహితులు వుండవచ్చు. మీకు పరువు నష్టమనిపించేది వాడికి పండుగ కావచ్చు. అమ్మాయిల విషయంలోనూ అంతే. ఆట ముగిసి కారులో తిరిగి వచ్చేటప్పుడు గోలు యెందుకు పోయిందో విచారణ పెట్టకండి. ఆకలి వేస్తున్నదా అని అడగండి, చాలు.

వచ్చే నెల ఈ పేజీలో పిల్లల కళ్ళజోళ్ళను గురించి మాట్లాడుకుందాం.